వెండి ముసుగు వీరుడు

కుస్తీ అనగానే మనకు ఎర్రమట్టి గోదా, లంగోటా బిగించిన పహిల్వాన్లు, డప్పుల మోత గుర్తుకు వస్తాయి. కొల్హాపురం వైపు చదువుకుంటున్న మన పిల్లలు తాలీంఖానాల్లో తెల్లవారుజామున జరిగే సాధన చూసే ఉంటారు. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయే కుస్తీ దానికి చాలా భిన్నమైనది. అది మెక్సికో దేశపు కుస్తీ. మెక్సికో అమెరికా సంయుక్త రాష్ట్రాలకు దక్షిణాన ఆనుకొని ఉంది. అక్కడి ప్రజల్లో అత్యధికులు మాట్లాడేది స్పానిష్ భాష. ఆ భాషలో ఈ కుస్తీని 'లూచా లిబ్రె' అంటారు. కట్టుబాట్లు లేకుండా స్వేచ్ఛగా సాగే పోరాటం అని దాని అర్థం.

ఇక్కడ మట్టి ఉండదు. నేలకు ఎత్తుగా కట్టిన నలుచదరపు వేదిక, నాలుగు మూలలా స్తంభాలు, వాటిని కలుపుతూ మూడు వరుసల తాళ్లు ఉంటాయి. ఇదే బరి. యోధులు ఆ తాళ్ల మీదికెక్కి గాలిలోకి ఎగురుతారు. తల ముందుకు పెట్టి ప్రత్యర్థి మీదికి బాణంలా దూకుతారు. ఎదుటివాడి భుజాలు రెండూ నేలకానించి, రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా అదిమి పట్టినా, పట్టు బిగించి వాడి చేత 'లొంగిపోయాను' అనిపించినా ఆ విడత గెలిచినట్లే. పెద్ద పోటీల్లో మూడు విడతలు ఉంటాయి. రెండు గెలిచినవాడు విజేత. అయితే కొత్తగా చూసేవారి కళ్లు ముందుగా నిలిచేది ఈ దూకుళ్ల మీద కాదు, యోధుల ముసుగుల మీద. తల మొత్తాన్ని కప్పి, కళ్లకూ ముక్కుకూ నోటికీ మాత్రమే సందు విడిచి, వెనుక తాళ్లతో బిగించి కట్టే ముసుగులు అవి. అలాంటి ముసుగు ఒకటి ధరించి నలభై ఏళ్లకు పైగా బతికిన మనిషి కథ ఇది.

మెక్సికోలో ఈ కుస్తీకి ఒక సంస్థను ఏర్పాటు చేసినవాడు సల్వదోర్ లుతెరోత్. ఆయన మెక్సికో విప్లవకాలంలో సైనికుడు. ఆ తరువాత ప్రభుత్వ పన్నుల శాఖలో ఉద్యోగం చేశాడు. 1929లో సరిహద్దు పట్టణాల వైపు వెళ్లినప్పుడు అమెరికావారి కుస్తీని చూసి, ఇది మనవారికీ నచ్చుతుందని భావించాడు. 1933 సెప్టెంబరు 21న రాజధాని మెక్సికో నగరంలో మొదటి ప్రదర్శన జరిపించాడు. ఆయన నెలకొల్పిన సంస్థ పేరు మార్చుకొని నేటికీ నడుస్తోంది.

మరుసటి సంవత్సరం, అంటే 1934లో, ఒక అమెరికా యోధుడు తనకొక ముసుగు కావాలన్నాడు. ముసుగు కుట్టేవాళ్లు ఎక్కడున్నారు? చివరికి ఆ పని అంతోనియో మార్తీనెజ్ అనే ఆయన దగ్గరకు వచ్చింది. ఆయన బూట్లు కుట్టే పనివాడు. మేక తోలుతో ఎలాగో ఒకటి కుట్టి ఇచ్చాడు. అది తలకు సరిగా కుదరలేదు. పోటీ మధ్యలో ఇబ్బంది పెట్టింది. యోధుడు తిరిగి వచ్చి చెడామడా తిట్టాడట. మార్తీనెజ్ దానిని అంతటితో వదిలిపెట్టలేదు. కాలికి కొలత తీసినట్లే తలకూ కొలతలు తీయాలని గ్రహించి, నుదురు, చెవులు, దవడ, మెడ అన్నీ విడివిడిగా కొలిచి, ముక్కలుగా కత్తిరించి కుట్టే పద్ధతిని కనిపెట్టాడు. బూట్లు మానేసి ముసుగుల పనే జీవనోపాధిగా చేసుకున్నాడు. మెక్సికో కుస్తీకి ప్రపంచమంతటా గుర్తింపు తెచ్చిన వస్తువు ఒక చెప్పుల పనివాడి చేతిలో రూపుదిద్దుకున్నదన్నమాట.

ముసుగు వచ్చిన తరువాత దానితోపాటు ఒక ఆచారమూ వచ్చింది. దీనిని బాగా అర్థం చేసుకుంటే గాని మన కథానాయకుడి గొప్పతనం తెలియదు. ఇద్దరు ముసుగు యోధుల మధ్య వైరం ముదిరితే వారు ముసుగులనే పందెం కాస్తారు. ఓడినవాడు అక్కడికక్కడే, వేలాది జనం ముందు, ముసుగు విప్పాలి. తన అసలు పేరు చెప్పాలి. ఏ ఊరివాడో, ఎన్నేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాడో చెప్పాలి. ఆ ముసుగును మళ్లీ జన్మలో ధరించకూడదు. ముసుగు లేని యోధుడైతే తన జుట్టును పందెం పెడతాడు. ఓడితే బరిలోనే గుండు గీస్తారు. జుట్టు మళ్లీ మొలుస్తుంది. ముసుగు పోతే పోయినట్లే.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం కలుగుతుంది. ఈ రకం పోటీల్లో ఎవరు గెలవాలో ముందే నిర్ణయమై ఉంటుంది కదా, మరి ఇందులో పందెం ఏమిటి అని. ఆ మాట నిజమే. గెలుపోటములను నిర్వాహకులు ముందుగానే నిర్ణయిస్తారు. విరాటపర్వం నాటకంలో కీచకుడి వేషం కట్టినవాడికి తాను భీముడి చేతిలో చావబోతున్నానని తెలియదా? చూసేవారికి మాత్రం తెలియదా? అయినా కీచకుడు కూలేదాకా ఎవరూ చాప మీద నుంచి లేవరు. పైగా నాటకంలో దెబ్బలు ఉత్తుత్తివి. ఇక్కడ తాళ్ల మీది నుంచి పడితే విరిగేది నిజమైన ఎముకే. ముసుగు పందెంలో ఇంకొక సంగతి కూడా ఉంది. యోధుడికి సంపాదన తెచ్చిపెట్టేది గోడపత్రిక మీది పేరు, ఆ పేరు వెనుక ఉన్న ముసుగు. పదేళ్లు చెమటోడ్చి సంపాదించుకున్న ఆ గుర్తింపు ఒక్క రాత్రిలో పోతుంది. ఓటమి ముందే అనుకున్నదైనా, పోయే ముఖం మాత్రం నిజంగానే పోతుంది.

మన కథానాయకుడి అసలు పేరు రొడోల్ఫో గుస్మాన్ వేర్తా. 1917 సెప్టెంబరు 23న ఇదాల్గో రాష్ట్రంలోని తులాన్సింగో పట్టణంలో జన్మించాడు. ఏడుగురు సంతానంలో అయిదవవాడు. ఆయన చిన్నతనంలోనే ఆ కుటుంబం బతుకుతెరువు కోసం రాజధానికి వలస వచ్చింది. విప్లవం ముగిసిన ఆ రోజుల్లో పల్లెల నుంచీ చిన్న పట్టణాల నుంచీ వేలాది కుటుంబాలు అలాగే వచ్చి నగరంలో చేరాయి. వీరు కాపురం పెట్టిన చోటు తెపీతో పేట. ఇరుకు ఇళ్లు, పాత సామాన్ల అంగళ్లు, కాయకష్టం చేసుకునే జనం ఉన్న పేట అది. రొడోల్ఫో మొదట బేస్ బాల్, అమెరికా పద్ధతి ఫుట్ బాల్ ఆడేవాడు. తరువాత జపాను వారి జుజుత్సు, ఆపైన కుస్తీ నేర్చుకున్నాడు. అతని అన్నదమ్ముల్లోనూ కొందరు కుస్తీ పట్టినవారే.

1930లలో అతడు చిన్న చిన్న బరుల్లోకి దిగాడు. తన పేరుతో కొన్నాళ్లు పోటీ చేశాడు. తరువాత 'ఎర్ర మనిషి' అని పేరు పెట్టుకొని చూశాడు. 'నల్ల భూతం' అని మరొక పేరు పెట్టుకున్నాడు. ఏ పేరూ జనానికి పట్టలేదు. ఆ కాలంలో 'గబ్బిలం' అనే పేరుతో వెలాస్కెజ్ అనే యోధుడు పేరు పొంది ఉన్నాడు. రొడోల్ఫో 'రెండవ గబ్బిలం'గా అవతారమెత్తాడు. వెలాస్కెజ్ ఊరుకోలేదు. తన పేరు వేరొకరు వాడుకోవడానికి వీల్లేదని కుస్తీ వ్యవహారాలు చూసే అధికార సంఘానికి ఫిర్యాదు చేశాడు. ఆ పేరూ వదులుకోవలసి వచ్చింది. పాతికేళ్లు వచ్చినా తనదంటూ ఒక పేరు లేని యోధుడిగానే అతడు మిగిలాడు.

1942లో హేసుస్ లొమెలీ అనే ఆయన వెండి రంగు దుస్తులు ధరించే ఒక జట్టును తయారు చేయాలనుకున్నాడు. రొడోల్ఫోను పిలిచి మూడు పేర్లు ముందు పెట్టాడు. ఒకటి దేవదూత. రెండవది సైతాను. మూడవది 'సాంతో', అంటే పుణ్యపురుషుడు. రొడోల్ఫో మూడవ పేరు ఎంచుకున్నాడు. 1942 జులై 26న మెక్సికో నగరంలోని అరేనా మెహికోలో వెండి ముసుగుతో మొదటిసారి బరిలోకి దిగాడు.

పేరు పుణ్యపురుషుడు. పనులు మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధం. లూచా లిబ్రెలో యోధులు రెండు తెగలు. నియమం ప్రకారం, నేర్పుతో పోరాడేవారు ఒక తెగ. మెక్సికోవారు వారిని 'తెక్నీకో' అంటారు. నియమాలు మీరి, మోసానికీ మొరటుతనానికీ పాల్పడేవారు రెండో తెగ. వీరు 'రూదో'లు. మన నాటకాల్లో నాయక పాత్ర, ప్రతినాయక పాత్ర ఉన్నట్లే. సాంతో తన వృత్తి జీవితంలో మొదటి ఇరవై సంవత్సరాలు రూదోగానే పోరాడాడు. రిఫరీ చూడనప్పుడు కొట్టేవాడు. ప్రత్యర్థి ముసుగు పట్టి లాగేవాడు. ఇంత గొప్ప పేరు పొందిన నాయకుడు మొదట్లో జనం చేత తిట్లు తిన్న ప్రతినాయకుడంటే నమ్మడం కష్టం. కాని తిట్టడానికి వచ్చిన జనం కూడా టిక్కెట్టు కొనుక్కొనే వచ్చేవారు. మరుసటి ఏడాదే, 1943లో, జాతీయ వెల్టర్ వెయిట్ బిరుదు గెలుచుకున్నాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 2న లుతెరోత్ కట్టించిన అరేనా కొలిసేయో ప్రారంభమైంది. ఆనాటి ప్రధాన పోటీలో ఒక వైపు అప్పటికే సుప్రసిద్ధుడైన టార్జాన్ లోపెజ్, మరొక వైపు సాంతో. ఆ పోటీలో సాంతో ఓడిపోయాడు. అయినా అంత పెద్ద సందర్భానికి అతణ్ణి ఎంచుకోవడమే ఒక గుర్తింపు.

ఆ దశాబ్దంలో గోరీ గెరెరో అనే యోధుడు అతనికి జతగా చేరాడు. వీరిని జనం 'అణుజంట' అని పిలిచేవారు. అణుబాంబు మాట లోకమంతా మారుమోగుతున్న రోజులవి. ఈ గెరెరో ఎన్నో కొత్త పట్లు కనిపెట్టిన నేర్పరి. బోర్లా పడి ఉన్న ప్రత్యర్థి వీపు మీద గుర్రమెక్కినట్లు కూర్చొని, అతని చేతులు తన తొడల మీదికి లాగి, గడ్డం కింద రెండు చేతులూ పెట్టి వెనక్కు వంచే పట్టు వాటిలో ఒకటి. 'గుర్రపు పట్టు' అని దానికి పేరు. కనిపెట్టింది గెరెరో, పేరు పొందింది సాంతో చేతిలో.

ఇక 1952 సంవత్సరానికి వద్దాం. ఆ రోజుల్లో 'షాడో సోదరులు' అనే జంట ఉండేది. నిజానికి వారు అన్నదమ్ములు కారు. ఒకరు నల్ల ముసుగు ధరించే బ్లాక్ షాడో. రెండవవాడు నీలి ముసుగు ధరించే బ్లూ డీమన్. సాంతోకూ బ్లాక్ షాడోకూ మధ్య మాటలు పెరిగి, ముసుగుల పందెందాకా వచ్చింది. 1952 నవంబరు 7న అరేనా కొలిసేయో కిటకిటలాడిపోయింది. ఇద్దరూ అప్పటిదాకా ముఖం చూపనివారే. ఇద్దరిలో ఒకరు ఆ రాత్రి ముఖం చూపి తీరాలి. చివరికి సాంతో గెలిచాడు. బ్లాక్ షాడో ముసుగు విప్పి, తన పేరు అలెహాంద్రో క్రూజ్ అని ప్రకటించాడు. మెక్సికో కుస్తీ చరిత్రలో ముసుగు పందేలు ఎన్ని జరిగినా దీనికి సాటి వచ్చినవి కొన్నే. క్రూజ్ అంతటితో బరి విడిచి పారిపోలేదని కూడా మనం గుర్తుంచుకోవాలి. బట్టబయలైన ముఖంతోనే, అదే బ్లాక్ షాడో పేరుతో చాలా ఏళ్లు పోటీ చేశాడు. అందరి దృష్టి గెలిచినవాడి మీదే ఉంటుంది గాని, ఆ రాత్రి తరువాత ఉదయాన్నే వీధిలోకి రావడానికి కావలసిన ధైర్యం ఓడినవాడిదే.

బ్లూ డీమన్ అప్పటిదాకా రూదో. తన జతగాడికి జరిగిన పరాభవం చూసి తెక్నీకో వైపు చేరాడు. 1953లో సాంతోను ఓడించి, అతని దగ్గరున్న ప్రపంచ వెల్టర్ వెయిట్ బిరుదును తీసుకున్నాడు. వెండి ముసుగు, నీలి ముసుగు మధ్య ఆ వైరం దశాబ్దాల తరబడి జనం నోళ్లలో నానింది. ఆ తరువాత సినిమాల్లో ఇద్దరూ ప్రాణమిత్రులుగా నటించారు. బరి బయట వారి మధ్య అంత చనువు ఉండేది కాదని చెబుతారు. ఎవరి వైపు నువ్వు అనే ప్రశ్న మాత్రం మెక్సికో ఇళ్లలో తరువాతి తరాలదాకా నిలిచింది.

బరిలో పేరు వచ్చింది. కాని నగరానికి రాలేనివారు, టిక్కెట్టు కొనలేనివారు లక్షల్లో ఉన్నారు. వారి దగ్గరకు సాంతోను తీసుకుపోయింది బొమ్మల కథల పుస్తకం. 1952లోనే హోసే గ్వదలూపె క్రూజ్ అనే చిత్రకారుడు సాంతో ఫొటోలనూ చేతితో గీసిన బొమ్మలనూ కలిపి అతికించి, 'వెండి ముసుగు సాంతో' అనే పత్రిక ప్రారంభించాడు. బరిలో రూదోగా ఉన్న మనిషి ఈ కాగితాల మీద మాత్రం దీనులను కాపాడే మహావీరుడు. ఆ పత్రిక 1980లదాకా సాగింది. అయితే కొంతకాలానికి ఇద్దరి మధ్యా పొరపొచ్చాలు వచ్చాయి. క్రూజ్ సాంతోను తప్పించి, ఒక దేహదారుఢ్యవంతుడికి వెండి ముసుగు తొడిగి, దాని నుదుటి మీద 'ఎస్' అక్షరం వేయించి, అతని ఫొటోలతో కథలు నడిపించాడు. వివాదం న్యాయస్థానందాకా వెళ్లింది. ఒకప్పుడు వేరొకరి గబ్బిలం పేరు వాడుకొని ఫిర్యాదుకు గురైన రొడోల్ఫో, ఇప్పుడు తన ముఖం తనదేనని పోరాడవలసి వచ్చింది. ముసుగు వేసుకున్న మనిషికి ఉన్న ఆపద ఇదే. అది ఎవరు తొడుక్కున్నా చూడ్డానికి ఒకలాగే ఉంటుంది.

సినిమాలవారు కూడా వచ్చారు. 1952లో మొదటిసారి పిలిచినప్పుడు సాంతో ఒప్పుకోలేదు. ఆ పాత్రను మరొక యోధుడు పోషించాడు. ఆరేళ్ల తరువాత, 1958లో, క్యూబా వెళ్లి రెండు సినిమాల్లో నటించాడు. ఆ సంవత్సరం ముగియగానే క్యూబాలో విప్లవం విజయం సాధించింది. ఆ రెండు చిత్రాలూ 1961లో విడుదలయ్యాయి. అక్కడి నుంచి 1982దాకా ఆయన నటించిన చిత్రాలు 50కి పైమాటే. రక్తం తాగే పిశాచాలు, నడిచే శవాలు, పిచ్చి శాస్త్రవేత్తలు, వేరే గ్రహాలవారు అందరూ ఆయన చేతిలో ఓడినవారే. వీటిలో 1962 నాటి పిశాచ స్త్రీల చిత్రం పరదేశాల్లోనూ ఆడింది. ఇంగ్లీషులోకి మార్చినప్పుడు సాంతో పేరును 'శాంసన్' అని మార్చేశారు. నిష్పక్షపాతంగా చెప్పాలంటే ఈ చిత్రాల్లో చాలావాటికి ఖర్చు తక్కువ, తొందర ఎక్కువ. కథ నడుమ ఆగిపోయి అకస్మాత్తుగా ఒక కుస్తీ పోటీ వస్తుంది. అది ముగిశాక కథ మళ్లీ కదులుతుంది. అయినా ఆ కుస్తీ పోటీలకు విలువ ఉంది. 1950ల నడుమ నుంచి చాలా ఏళ్లపాటు రాజధానిలో లూచా లిబ్రెను టెలివిజనులో చూపడానికి అనుమతి లేదు. దూరపు ఊళ్ల ప్రజలకు సాంతో దూకుడు కళ్లారా చూసే అవకాశం ఇచ్చింది ఈ సినిమాలే.

తెర మీద వీరుడై ఉండి బరిలో రూదోగా కొనసాగడం ఎంతోకాలం సాధ్యం కాలేదు. చిన్నపిల్లలు ఆయనను చూసి చేతులు చాస్తున్నారు. 1962లో సాంతో తెక్నీకోగా మారాడు. అప్పటికి ఆయన వయస్సు 45 దగ్గర పడింది. ఇతర యోధులు విశ్రాంతి గురించి ఆలోచించే వయస్సు అది.

ఇన్నేళ్లూ ఆయన ముఖం ఎవరూ చూడలేదు. ఇది చెప్పినంత తేలిక కాదు. తలచుకొని చూడండి. బరిలో ఒక గంటసేపు ముసుగు ధరించడం వేరు, జీవితమంతా ధరించడం వేరు. భోజనానికి గడ్డం దగ్గర తెరిచి ఉన్న ముసుగు వేరుగా ఉండేది. విదేశాలకు వెళ్లేటప్పుడు అధికారులకు ముఖం చూపక తప్పదు. అందుచేత తన బృందంవారు కూడా చూడకుండా వేరే విమానంలో ప్రయాణించేవాడని చెబుతారు. ముసుగుతో ఎక్కడికి వెళ్లినా జనం చుట్టుముట్టేవారు. ముసుగు తీసి వీధిలో నడిస్తే ఎవరూ పలకరించేవారు కాదు. ఇంట్లో పదిమంది పిల్లలు. తండ్రి ఎవరో పైకి చెప్పుకోలేని పిల్లలు. దేశంలోకెల్లా ప్రసిద్ధుడైన మనిషి తమ ఇంట్లోనే ఉన్నాడని తెలిసి, బడిలో ఆ మాట నోటి చివరదాకా వచ్చినా మింగుకోవడం ఎంత కష్టమో మీ వయస్సువారే బాగా ఊహించగలరు. ఆయన చిన్నకొడుకు తానూ కుస్తీ పడతానన్నప్పుడు, ముందు చదువు సంగతి చూడమని తండ్రి పట్టుబట్టాడు.

వయస్సు మీద పడినా పందేలు ఆగలేదు. 1975లో పెర్రో అగ్వాయో అనే యువ యోధుడు తన జుట్టును పందెం పెట్టి సాంతో ముసుగును అడిగాడు. అప్పటికి సాంతోకు 58 ఏళ్లు. అగ్వాయో గుండుతో ఇంటికి వెళ్లాడు. ఓడినా ఆ పోటీ అగ్వాయోకు పెద్ద పేరు తెచ్చింది. సాంతోతో ముసుగు పందెం దాకా రావడమే ఒక గొప్ప.

1980ల మొదట్లో ఒక పోటీ నడుమ సాంతో గుండెనొప్పితో బరిలోనే కూలిపోయాడు. బతికి బయటపడ్డాడు. మరి ఆగక తప్పలేదు. 1982 సెప్టెంబరు 12న, 65 ఏళ్లు నిండడానికి పదకొండు రోజుల ముందు, వీడ్కోలు పోటీ జరిగింది. ఆయన పక్కన నిలిచినవారిలో పాత జతగాడు గోరీ గెరెరో ఉన్నాడు. ఎదుట పెర్రో అగ్వాయో, అతనితోపాటు సిగ్నో, తెహానో, నెగ్రో నవారో అనే ముగ్గురు. సాంతో గుండెనొప్పితో పడిపోయిన రోజున ప్రత్యర్థులుగా ఉన్నది ఈ ముగ్గురే. అదే సంవత్సరం ఆయన చిన్నకొడుకు 'సాంతో కుమారుడు' అనే పేరుతో వెండి ముసుగు ధరించి బరిలోకి దిగాడు.

ముసుగు ఎవరికీ ఓడిపోకుండానే సాంతో బరి విడిచాడు. ఆ తరువాత ఒక వింత జరిగింది. 1984 జనవరి చివరిలో ఒక టెలివిజను చర్చా కార్యక్రమానికి ఆయనను పిలిచారు. మాటల మధ్యలో, ఎవరూ పందెం కాయకుండా, ఎవరూ బలవంతపెట్టకుండా, ఆయన తన చేతులతో ముసుగును పైకి ఎత్తాడు. నుదురు కొంత కప్పబడే ఉంది. కళ్లు, ముక్కు, చెంపలు కనిపించాయి. వయస్సు మళ్లిన ఒక సాధారణమైన మనిషి ముఖం అది. కొద్ది క్షణాల్లో మళ్లీ దించేశాడు. 42 ఏళ్లలో దేశప్రజలు ఆయన ముఖం చూసింది ఆ కొద్ది క్షణాలే. ఎందుకు చూపాడన్నదాని మీద ఇప్పటికీ రకరకాలుగా అనుకుంటారు.

ఆ తరువాత కొద్ది రోజులకే, 1984 ఫిబ్రవరి 5న, మెక్సికో నగరంలోని ఒక నాటకశాలలో ప్రదర్శన ఇచ్చిన రాత్రి ఆయన గుండెపోటుతో మరణించాడు. అప్పటికి 66 ఏళ్లు. అంత్యక్రియలకు వేలాది జనం తరలివచ్చారు. తోటి యోధులు ఎవరి ముసుగు వారు ధరించే వచ్చారు. రొడోల్ఫో గుస్మాన్ వేర్తాను వెండి ముసుగుతోనే సమాధి చేశారు.

ఆ మరుసటి సంవత్సరం సెప్టెంబరు 19న మెక్సికో నగరాన్ని పెద్ద భూకంపం కుదిపివేసింది. పేదల ఇళ్లు నేలమట్టమయ్యాయి. నిలిచిన ఇళ్ల నుంచి కూడా అద్దెవారిని యజమానులు వెళ్లగొట్టసాగారు. 1987లో ఎర్ర దుస్తులు, ఎర్ర పసుపు ముసుగు ధరించిన ఒకాయన వీధుల్లో ప్రత్యక్షమయ్యాడు. 'సూపర్ బార్రియో' అని తన పేరు చెప్పుకున్నాడు. బార్రియో అంటే పేట. ఎక్కడ అద్దెవారి సామాన్లు వీధిలో పడేస్తుంటే అక్కడికి ముసుగుతో వెళ్లి నిలిచేవాడు. వారి తరఫున అధికారుల దగ్గర మాట్లాడేవాడు. ముసుగు తీసి మాట్లాడమంటే తీసేవాడు కాదు. ఇల్లు పోగొట్టుకున్న ఆ పేటల జనానికి ముసుగు మనిషిని ఎవరూ పరిచయం చేయనవసరం లేకపోయింది. అలాంటి ఒకడు తమ పక్షాన నిలుస్తాడని వారు చిన్నప్పటి నుంచీ చదువుతూ, చూస్తూ వచ్చారు.

అభ్యాసం

1. ముసుగు పందెంలో ఓడిన యోధుడు ఏమేమి చేయాలి? జుట్టు పందానికీ దీనికీ గల తేడా ఏమిటి?

2. 'ఓటమి ముందే అనుకున్నదైనా, పోయే ముఖం మాత్రం నిజంగానే పోతుంది.' ఈ వాక్యాన్ని సందర్భంతో వివరించండి.

3. అంతోనియో మార్తీనెజ్ బూట్ల పనిలోని ఏ నేర్పు ముసుగుల పనికి ఉపయోగపడింది?

4. 1984లో సాంతో టెలివిజనులో ముసుగు ఎందుకు ఎత్తి ఉంటాడు? మీ తరగతిలో రెండు పక్షాలుగా చర్చించండి.

5. మీ ప్రాంతంలో వేషం కట్టి జీవించే కళాకారులు ఎవరైనా ఉంటే వారిని కలిసి, వేషం తీసిన తరువాత వారి దినచర్య ఎలా ఉంటుందో అడిగి పది వాక్యాలు రాయండి.

6. సొంత వాక్యాల్లో ప్రయోగించండి: నోళ్లలో నానడం, బతుకుతెరువు, కిటకిటలాడడం, పొరపొచ్చాలు.